మాటకు స్పందన లేదు

నా పేరు పున్నమ్మ. ఆస్పత్రిలో మాత్రం పూర్ణిమ. నర్సింగ్ స్కూల్లో చేరిన రోజు రిజిస్టర్ రాసే గుమాస్తా నా పేరు రెండుసార్లు అడిగి, నోరు తిరగక తనకు తోచింది రాసుకున్నాడు. నేను దిద్దలేదు. దిద్దకపోగా లోలోపల సంతోషించాను. ఖిదిర్‌పూర్ ఓడరేవు దగ్గర తెలుగు డాక్ కూలీల వాడలో పుట్టిన పిల్లకి పూర్ణిమ లాంటి పేరు ఊరికే దొరికితే చేదా? పదిహేనేళ్ళలో నా బంగ్లా ఎంత నున్నబడిందంటే, మా వార్డులో సగం మంది నేను బెంగాలీ అమ్మాయిననే అనుకునేవారు. నేను కాదనేదాన్ని కాదు.

ఇది ఎనభై ఎనిమిదో సంవత్సరం మాట. అప్పటికి నేను ఇంటెన్సివ్ కేర్ వార్డులో పగటి డ్యూటీకి సీనియర్ సిస్టర్‌ని. ఎనిమిది మంచాలు, రెండు వెంటిలేటర్లు. మూడోది పాడైపోయి ఆర్నెల్లుగా గుడ్డ కప్పుకుని మూల నిలబడి ఉంది. నాకు నోరు ఎక్కువని అందరికీ తెలుసు. పనీ అంతే ఎక్కువ చేస్తానని కూడా తెలుసు, అందుకే నోరు భరించేవారు. ముఖ్యంగా నేను రాసే చార్టు అంటే డాక్టర్లకు గురి. పూర్ణిమ రాసింది చదివితే చాలు, రోగిని వేరే చూడక్కర్లేదనేవారు. అది పొగడ్త అనుకుని నేను మురిసిపోయేదాన్ని.

బైరాగి సోమవారం వచ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి. డాక్‌లో సిగ్నల్ పని, అంటే ఓడ పైన నిలబడి, క్రేను నడిపేవాడికి బరువు ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో చేత్తో చూపించే పని. ఊపిరితిత్తుల నిండా ఏళ్ళ నాటి దుమ్ము, దాని మీద కొత్తగా నిమోనియా. ఎమర్జెన్సీలో ఉండగా గుండె మూడు నిమిషాలు ఆగిపోయింది. ఛాతీ మీద నొక్కి నొక్కి మళ్ళీ నడిపించి, గొంతులో గొట్టం వేసి మా దగ్గరికి పంపారు. మేం వెంటిలేటర్‌కి తగిలించాం. ఆ మూడు నిమిషాల్లో మెదడుకి ఏమైందన్నదే తెలియాల్సిన సంగతి. మంగళవారంతో మత్తుమందు ఆపేశాం. బుధవారం పొద్దున్న కళ్ళు తెరిచాడు.

కళ్ళు తెరిచినంత మాత్రాన మనిషి లోపల ఉన్నట్టు కాదు. చెప్పింది విని చెయ్యాలి. నేను మంచం తలవైపు నిలబడి, చెవి దగ్గరికి వంగి, ముందు బంగ్లాలో, తర్వాత హిందీలో చెయ్యెత్తమని అడిగాను. కదల్లేదు. తోటి సిస్టర్ షేఫాలీ అవతలికి వెళ్ళేదాకా ఆగి, ఎవరికీ వినబడకుండా గొంతు తగ్గించి తెలుగులో కూడా అడిగాను. కదల్లేదు. గోరు మీద పెన్నుతో నొక్కితే మాత్రం చెయ్యి లాక్కున్నాడు. బుధవారం రెండుసార్లు, గురువారం రెండుసార్లు చూశాను. నాలుగుసార్లూ ఒకటే రాశాను: కళ్ళు తెరుస్తున్నాడు, నొప్పికి చెయ్యి లాక్కుంటున్నాడు, మాటకు స్పందన లేదు.

గురువారం మధ్యాహ్నం ఇంకోటి జరిగింది. ఉన్నట్టుండి కుడిచెయ్యి ముఖం వైపు లేచింది. దారిలో గొట్టానికి తగిలింది, మిషన్ గోల పెట్టింది. గొట్టం ఊడితే నాలుగు నిమిషాల్లో మనిషి ఉండడు. నేను పరుగెత్తి మణికట్టు పట్టుకున్నాను. బ్యాండేజీ గుడ్డతో రెండు చేతులూ మంచం కమ్మీలకి కట్టేశాను. అప్పట్నుంచి విదిలించుకుంటూనే ఉన్నాడు. గుండె నూటముప్ఫై కొట్టుకుంటోంది. చిన్న డాక్టరు చూసి, ఇది మెదడు దెబ్బతిన్నవాళ్ళ పెనుగులాటే అని తేల్చి, నాలుగేసి గంటలకి మత్తు ఇంజెక్షన్ రాశాడు.

చేతులు కట్టడం నాకు కొత్త కాదు. నేను మొట్టమొదట కట్టినవి మా నాన్న చేతులే. నేను రెండో సంవత్సరం విద్యార్థినిగా ఉన్నప్పుడు డాక్‌లో గోతాల మోపు జారి మా నాన్న గవరయ్య ఛాతీ మీద పడింది. ఆయనదీ సిగ్నల్ పనే. గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టారు. మాట లేదు. చెయ్యి మాటిమాటికీ పైకి లేచేది. ఒకసారి గొట్టాన్ని రాసుకుంటూ వెళ్ళి నెత్తి మీద పడింది. నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడంటే తలరాతకి ఏడుస్తున్నాడని మనవాళ్ళ లెక్క, మా అమ్మ కూడా అలాగే అనుకుని గొల్లుమంది. నీ తండ్రే కదా, నువ్వు కడితే ఊరుకుంటాడని సిస్టర్ గుడ్డ నా చేతికిచ్చింది. కట్టాను. గొట్టం కాపాడాలంటే కట్టాలి, అది పద్ధతి. దాని గురించి నేనెప్పుడూ బాధపడలేదు. అడిగినవాళ్ళకి అలాగే చెప్పేదాన్ని.

శుక్రవారం పొద్దున్నకి విషయం ముదిరింది. కేనింగ్ వైపు నుంచి కట్లపాము కరిచిన పిల్లని తీసుకొచ్చారు. పంతొమ్మిదేళ్ళు. ఊపిరి తీసే బలం ఒంట్లో లేదు, కానీ మెదడు శుభ్రంగా ఉంది. ఎమర్జెన్సీలో ఆమె అన్నలిద్దరూ వంతులవారీగా రబ్బరు బ్యాగ్ నొక్కుతూ ఆమెని నిలబెడుతున్నారు. మా రెండు వెంటిలేటర్లలో ఒకటి అంతకు ముందురోజే ఆపరేషన్ అయిన మనిషికి ఉంది. రెండోది బైరాగికి. పెద్ద డాక్టరు బాగ్చీ గారు పదకొండింటికి రౌండ్‌కి వచ్చి నిర్ణయిస్తారని చెప్పారు. ఏం నిర్ణయిస్తారో అందరికీ తెలుసు. నా నాలుగు రాతలు చార్టులో ఉన్నాయి కదా.

పదకొండింటికి ఆయన రాలేదు. ఆ రోజు మిఛిల్. ఎర్రజెండాలతో ఊరేగింపు బ్రిగేడ్ మైదానానికి పోతుంటే చౌరంగీ రోడ్డంతా మూసుకుపోయింది. ఎక్కడి బస్సులక్కడే నిలిచాయి, బాగ్చీ గారి కారు కూడా నిలిచింది. పన్నెండయింది, రెండయింది. నేను కింద ఎమర్జెన్సీలో ఆ అన్నల బ్యాగ్ నొక్కుడు తలుచుకుని ఊరేగింపు మొత్తాన్నీ పేరుపేరునా తిట్టుకున్నాను.

నాలుగింటికి చూపుల వేళ. ఒక రోగికి ఒకటే కార్డు, ఒకరే లోపలికి రావాలి. ఇన్నాళ్ళూ బైరాగి బావమరిది అప్పలసూరి వచ్చేవాడు. బంగ్లా వచ్చినవాడని అతన్నే పంపేవారు. గుమ్మం దగ్గరే నిలబడి, గొట్టాలు చూసి కళ్ళు తుడుచుకుని, డాక్టర్ని రెండు ముక్కలడిగి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు యూనియన్ వాళ్ళు అతన్ని ఊరేగింపుకి పట్టుకుపోయారు. కార్డు పట్టుకుని బైరాగి భార్య అప్పలకొండమ్మ వచ్చింది. బస్సులు లేక ఖిదిర్‌పూర్ నుంచి నడిచి వచ్చింది. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము.

అప్పుడు నేను బైరాగి మంచం పక్కనే ఇంజెక్షన్ సిరంజిలోకి తీస్తున్నాను. ఆవిడ ఏడవలేదు, పేరు పెట్టి పిలవలేదు. తిన్నగా వచ్చి మొగుడి కాలిపిక్క మీద రెండుసార్లు తట్టింది. బైరాగి కళ్ళు అటు తిరిగాయి. ఆవిడ మంచం కాళ్ళవైపు, సరిగ్గా అతని చూపుకి ఎదురుగా వెళ్ళి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, ఏమిటన్నట్టు తిప్పింది. కమ్మీకి కట్టి ఉన్న అతని కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుంది. చూపుడువేలు పైకి లేచింది. గాలిలో చిన్నచిన్న సున్నాలు చుట్టడం మొదలెట్టింది.

ఆ వేలు నాకు తెలుసు. మా వాడలో పిల్లలందరం ఆ ఆట ఆడేవాళ్ళం. ఒకడు క్రేను, ఒకడు గోతం. వేలు చుట్టి హాబిస్ అంటే ఎత్తాలి, అరచెయ్యి కిందికి ఊపి ఆరియా అంటే దించాలి, పిడికిలి చూపిస్తే ఎక్కడివాడక్కడ ఆగాలి. సిరంజి నా చేతిలో ఉండిపోయింది. ఏమంటున్నాడని ఆవిణ్ణి అడిగాను. తెలుగులో అడిగాను, షేఫాలీ పక్కనే ఉందని కూడా గుర్తు లేదు.

“మంచం తలకాడ ఎత్తమంటన్నాడమ్మా,” అంది అప్పలకొండమ్మ. “ఊపిరి అందడం నేదంట. నువ్వు మనోలమ్మాయివేటి?”

నేను వంగి, మంచం కింద చక్రం తిప్పి తలవైపు ఎత్తాను. గొట్టం కదలకుండా షేఫాలీ పట్టుకుంది. ఒక్కొక్క మెట్టూ లేచేకొద్దీ బైరాగి భుజాలు సడలాయి. విదిలించుకోవడం ఆగింది. పది నిమిషాల్లో గుండె నూటముప్ఫై నుంచి నూటనాలుగుకి దిగింది. నిన్నటి నుంచి మెదడు చెడి పెనుగులాడుతున్నాడని మేం మత్తిస్తున్న మనిషి, తలవైపు ఎత్తమని అడుగుతున్నాడు.

ఇతనికి వినబడదా అని అడిగాను.

“డాక్ పనోలందరూ అంతే కదేటమ్మా,” అంది ఆవిడ, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. “పదేళ్ళు ఓడల్లోన సుత్తెట్టి తుప్పు కొట్టినాడు. తట్టి, ఎదట నిలబడి అడగాల. మీరు తట్టనేదేటి?”

తట్టలేదు. మొదటి రోజు చెవుడు, మధుమేహం, బీపీ ఉన్నాయా అని అప్పలసూరిని అడిగితే ఏమీ లేవన్నాడు. అబద్ధం చెప్పలేదు. వాళ్ళ వీధిలో అది జబ్బు కాదు, నెరిసిన జుట్టులాంటిది. అది మా వీధి కూడా. మా ఇంట్లో అందరం గొంతు చించుకునే మాట్లాడేవాళ్ళం. నాన్నని పిలవాలంటే మా అమ్మ గరిటె తీసి గోడ మీద కొట్టేది. మావాళ్ళది మొరటు గొంతు అనుకుని, నేను పనిగట్టుకుని మెల్లగా మాట్లాడ్డం నేర్చుకున్నాను. అలా నేర్చుకున్న సన్నటి గొంతుతో, ఎవరైనా వింటారేమోనని సిగ్గుపడుతూ, చెవిటివాడి చెవిలో తెలుగులో గుసగుసలాడి, మాటకు స్పందన లేదని నాలుగుసార్లు రాశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

సిరంజిలోది పారబోసి, ఇంజెక్షన్ ఇవ్వలేదని, ఎందుకు ఇవ్వలేదో కారణంతో సహా రాశాను. చిన్న డాక్టరు కోప్పడ్డాడు. పెద్దాయన వచ్చాక ఇద్దరికీ ఒకేసారి చెబుతానన్నాను.

బాగ్చీ గారు అయిదున్నరకి వచ్చారు. మైదానం అవతలే కారు వదిలేసి నడిచొచ్చారట, చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. కింద పాము కరిచిన పిల్లని చూసే పైకి వచ్చారు. కూర్చోకుండానే చార్టు తిప్పి, కుటుంబంతో తను మాట్లాడతానని, మిషన్ ఆ పిల్లకి సిద్ధం చెయ్యమని అన్నారు. మళ్ళీ ఒకసారి పరీక్షించమని అడిగాను. ఆయన చార్టు నా వైపు తిప్పి, నువ్వే కదా నాలుగుసార్లు రాశావు అన్నారు.

“నేను తప్పు రాశాను సార్,” అన్నాను. “ఆయనకి చెవుడు. నేను చూసుకోలేదు.”

వార్డులో అందరూ వింటున్నారు. పదిహేనేళ్ళు సంపాదించుకున్న పేరు ఒక్క మాటతో పోతుందని తెలిసే అన్నాను. అనకపోతే పోయేది బైరాగి.

గొట్టాన్ని షేఫాలీ రెండు చేతులా పట్టుకుంది. నేను కుడిచేతి కట్టు విప్పి, కాలిపిక్క మీద రెండుసార్లు తట్టి, ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. వేలెత్తి చుట్టాను. బైరాగి చెయ్యి ఎత్తాడు. అరచెయ్యి కిందికి ఊపాను. దించాడు. సగం ఎత్తాక పిడికిలి చూపించాను. సగంలో ఆపి, నేను మళ్ళీ కదిలేదాకా అలాగే ఉంచాడు. కాకతాళీయం కావచ్చన్నాడు చిన్న డాక్టరు. మూడుసార్లు చేయించాను. మూడుసార్లూ చేశాడు.

అప్పుడు బాగ్చీ గారు నన్ను తప్పుకోమని తనే వచ్చి నిలబడ్డారు. ఓ కంట మిషన్, ఓ కంట చార్టు చూసుకుంటూ ఇబ్బందిగా వేలు తిప్పారు. బైరాగి ఆయన్నే చూశాడు గాని చెయ్యి ఎత్తమన్నట్టు ఎత్తలేదు. దాన్ని ముఖం వైపు తీసుకుపోయాడు. అందరం ఒక్కసారి ముందుకు ఉరికాం. నేను కూడా ఉరికాను, మణికట్టు దాకా నా చెయ్యి వెళ్ళిపోయింది. ఎందుకో ఈసారి పట్టుకోలేదు. ఆ చెయ్యి గొట్టాన్ని దాటింది, నుదుటిని దాటింది, నెత్తి మీద అరచెయ్యి బోర్లించి నిలబడింది. నిబ్బరంగా, ఏడుపేమీ లేకుండా, పెద్ద డాక్టర్ని చూస్తూ.

అది ఏమిటని బాగ్చీ గారు నన్నడిగారు. తెలియదన్నాను. మా ఆటలో ఆ సైగ లేదు, ఆడపిల్లల్ని డాక్ లోపలికి రానిచ్చేవారు కాదు. ఆయన జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చి, నువ్వే దిద్దు అన్నారు. మాటకు స్పందన లేదు అన్నది కొట్టేసి, చేతి సైగలకు పూర్తిగా స్పందిస్తున్నాడు, స్పృహ ఉంది అని రాశాను. మిషన్ బైరాగికే ఉండిపోయింది.

పాము కరిచిన పిల్లని ఆ సాయంత్రమే వేరే ఆస్పత్రికి పంపారు. అన్నలిద్దరూ వ్యాన్‌లో కూడా బ్యాగ్ నొక్కుతూనే వెళ్ళారు. ఆ తర్వాత ఆమె ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవచ్చు, ఫోను ఉంది. నాకు ధైర్యం చాలలేదు.

ఇరవై రెండు రోజులకి బైరాగి మిషన్ వదిలి, గొట్టం వదిలి జనరల్ వార్డుకి మారాడు. ఆ వారంలో ఓ మధ్యాహ్నం నా భోజనం వేళ ఆయన దగ్గరికి వెళ్ళాను. కిటికీ పక్క మంచం, ముక్కుకి ఆక్సిజన్, గొంతు ఇంకా బొంగురు. అప్పలకొండమ్మ గిన్నెలో గంజి కలుపుతోంది. నేను మంచం తట్టి, ఎదురుగా నిలబడి, నా పెదవులు కనబడేలా మా ఇంటి మాటలో అడిగాను.

“సిన్నాన్నా, ఆ యాల పెద్ద డాక్టరు ముందర నెత్తి మీద సెయ్యెట్టినావు గదా. అదేటి?”

బైరాగి నవ్వాడు. ఊపిరి కూడదీసుకుంటూ ఆగి ఆగి చెప్పాడు.

“క్రేను కింద పదిమంది సేతులూపుతారమ్మా. పైనున్నోడు ఎవుల్ని సూడాల? అందుకని సిగ్నలోడు ముందల నెత్తి మీద సెయ్యెడతాడు. నానున్నాను, నన్ను సూడు, ఇంకెవుల్నీ సూడకు అని. అది సూడకుండా ఆడు బరువు ముట్టడు. ఆ డాక్టరుబాబు మిసను సూత్తన్నాడు, కాయితం సూత్తన్నాడు. అంతకుముందు నీకూ అదే ఎట్టబోయినాను. నువ్వు సెయ్యి కట్టీసినావు.”

తిట్టుగా అనలేదు. జరిగింది చెప్పాడంతే. నేను పక్క స్టూలు మీద కూర్చున్నాను. గొట్టాన్ని రాసుకుంటూ పోయి నెత్తి మీద పడిన మా నాన్న చెయ్యి నాకు కనబడింది. ఆయన ఏడవలేదు. తలరాతా కాదు, మతి తప్పడమూ కాదు. మంచం చుట్టూ పదిమంది ఉంటే, అందులో కూతురుంటే, నన్ను చూడు అన్నాడు. నేను ముడి బిగిసిందా లేదా అని చూశాను. అది పద్ధతి అని పద్నాలుగేళ్ళు అందరికీ చెప్పుకు తిరిగాను.

ఏటమ్మా అని బైరాగి అడిగాడు. చెప్పాను. మా అయ్య గవరయ్యదీ మీ పనేనని, గొంతులో గొట్టమని, నేనే కట్టానని. ఆయన కళ్ళు నా పెదవుల మీదే ఉన్నాయి. అప్పలకొండమ్మ గంజి కలపడం ఆపింది. బైరాగి ఓదార్చలేదు. పని తెలిసినవాడు అడగవలసింది ఒక్కటే అడిగాడు.

“కట్టు ఎప్పుడు ఇప్పినారమ్మా?”

“పోయినాక,” అన్నాను.

ఆయనకి పెదవులు కదిపితే చాలు. కానీ నేను గట్టిగా అన్నాను, మా ఇంట్లో నాన్నకి వినబడాలని అరిచేంత గట్టిగా. వార్డంతా తిరిగి చూసింది.